పడకల లెక్క

2020 మార్చిలో మన రాష్ట్రంలో మొదటి కరోనా కేసు నెల్లూరులోనే బయటపడింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో జబ్బు మళ్లీ ముమ్మరంగా వచ్చింది. ఆసుపత్రులు కిటకిటలాడాయి. ఎక్కడ ఎన్ని పడకలు ఖాళీగా ఉన్నాయో ప్రభుత్వం లెక్క చెప్పేది. జనం 104కు ఫోన్ చేసి అడిగేవాళ్లు.

లెక్క వింటే చాలదు. దాన్ని చదవడం రావాలి. ఒక ఆసుపత్రి లెక్క ఇట్లా ఉందనుకుందాం.

మామూలు పడకలు: మొత్తం 100. నిండినవి 40. ఖాళీ 60.
ఆక్సిజన్ పడకలు: మొత్తం 80. నిండినవి 78. ఖాళీ 2.
ఐ.సి.యు. పడకలు: మొత్తం 20. నిండినవి 20. ఖాళీ లేదు.

అనుమసముద్రంపేటలో ఒక అత్తా కోడలూ ఈ లెక్క చూశారనుకుందాం.

అత్త: 62 ఖాళీ ఉండాయి గదమ్మా! ఇంకేం భయం?

కోడలు: మామకు ఆయాసంగా ఉంది అత్తా. ఆయనకు ఆక్సిజన్ పడక కావాల. అవి రెండే ఖాళీ.

అత్త: రెండు చాలు గదా?

కోడలు: నిన్న ఎనిమిది ఖాళీ. ఇవాళ రెండు. ఒక్కరోజులో ఆరు నిండినాయి. ఇది పొద్దున రాసిన లెక్క. మనం ఆత్మకూరు పోయి, అక్కడ లేదంటే నెల్లూరు పోయేసరికి ఏమైతుందో! నువ్వు 108ని పిలువు. ఈలోగా నేను ఫోన్ చేసి అడుగుతా.

కోడలు సరిగ్గా చదివింది. మొత్తం చూసి మోసపోలేదు. తమకు కావలసిన పడక ఏదో చూసింది. అది ఎంత తొందరగా నిండుతోందో చూసింది.

పడక దొరికినా లెక్క అయిపోదు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రికి ఆక్సిజన్ ట్యాంకరు ఆలస్యంగా వచ్చింది. 11 మంది చనిపోయారని అధికారులు చెప్పారు. వాళ్లకు పడకలు ఉన్నాయి. ఆక్సిజన్ అందలేదు. మిషను ఉన్నా, దాన్ని నడిపే డాక్టరు, నర్సు కూడా ఉండాలి.

ఏ పెద్ద జబ్బు వచ్చినా ఈ నాలుగూ అడగండి:

1. ఏ రకం పడక ఖాళీ ఉంది?
2. ఆ లెక్క ఎప్పటిది?
3. ఆక్సిజన్ ఉందా?
4. డాక్టరు, నర్సు ఉన్నారా?

అడగడానికి సిగ్గుపడొద్దు. అడగడం మన హక్కు. కానీ ఆయాసపడే మనిషిని లెక్కల కోసం ఇంట్లో ఆపొద్దు.

లెక్క చేయండి:
ఆక్సిజన్ పడకలు 50. నిండినవి 44. రోజూ ఐదుగురు చేరుతున్నారు. ముగ్గురు ఇంటికి పోతున్నారు. ఎన్ని రోజుల్లో పడకలన్నీ నిండుతాయి?