విజిట్ వీసా మీద పనికి వెళ్లొద్దు

రాజోలు, మలికిపురం, మామిడికుదురు, గోదావరి దాటితే నరసాపురం, మొగల్తూరు, ఆచంట. ఈ వైపు పల్లెల్లో గల్ఫ్‌కి మనిషిని పంపని వీధి దొరకడం కష్టం. వెళ్లేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. రొయ్యల షెడ్డులో తలలు తీస్తే వచ్చే కూలి, లేసు అల్లితే చేతికొచ్చే నాలుగు డబ్బులు ఇంటికి చాలక, పిల్ల పెళ్లికో శ్లాబు వేయడానికో చేసిన అప్పు తీరక, కువైట్‌లోనో ఒమన్‌లోనో ఇంటిపనికి ఒప్పుకుంటారు. వెళ్లడం తప్పని నేను అనను. ఆ డబ్బుతో ఇంజనీరింగ్ చదివిన పిల్లలు, అప్పుల్లోంచి బయటపడ్డ కుటుంబాలు మన ఊళ్లలోనే ఉన్నాయి. నా బాధల్లా ఒకటే. విమానం ఎక్కేవాళ్లలో చాలామందికి పాస్‌పోర్టుతో పాటు ఏజెంటు చేతిలో పెట్టిన ఆ కాగితం ఏ వీసానో తెలియదు.

ఏజెంటు మాట ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. "ముందు విజిట్ మీద వెళ్లమ్మా, అక్కడికెళ్లాక మేడం గారే మార్పిస్తారు." ఈ మాట పూర్తిగా అబద్ధమైతే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. దుబాయ్ వంటి చోట విజిట్ నుంచి ఉద్యోగ వీసాకు మారే వీలు ఉంది. కానీ మార్చాలా వద్దా అన్నది పనిలో పెట్టుకున్నవాళ్ల చేతిలో ఉంటుంది. వాళ్లు మార్చకపోతే గడువు దాటిన మర్నాటి నుంచి మీరు అక్రమంగా ఉన్నట్టు లెక్క. జరిమానా మీ పేరు మీదే పడుతుంది. ఒమన్‌లో గడువు దాటితే రోజుకు 10 రియాల్స్. నెల గడిస్తే 300 రియాల్స్, అంటే మన డబ్బులో 65 వేల పైమాటే. దుబాయ్‌లో రోజుకు 50 దిర్హమ్‌లు. జీతం అడిగితే "పోలీసులకు పట్టిస్తాం" అని ఇంటివాళ్లు బెదిరించగలిగేది ఇందుకే.

మరి ఏజెంటు పని వీసా తేకుండా విజిట్ వీసా ఎందుకు తెస్తున్నాడు? 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరి) కింద వస్తుంది. వయసు 50 దాటినవాళ్లకు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు, ఇంకా కొన్ని వర్గాలకు మినహాయింపు ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో కువైట్, సౌదీ, ఒమన్, ఖతర్, బహ్రెయిన్, యూఏఈ, మలేషియా వంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ దగ్గర క్లియరెన్స్ తీసుకోవాలి. ఆ క్లియరెన్స్ రావాలంటే పనిలో పెట్టుకునేవాళ్ల పేరు, జీతం, ఒప్పందం, ఏజెంటు లైసెన్సు అన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో నమోదు కావాలి. విజిట్ వీసా మీద వెళ్లేవాళ్లకు ఇవేవీ అడగరు. ఏజెంటుకు కావలసింది అదే. రేపు మీకేమైనా అయితే తన పేరు ఎక్కడా దొరకదు.

ఆడవాళ్ల విషయంలో నిబంధన ఇంకా గట్టిది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉండి 30 ఏళ్లు నిండకపోతే ఇంటిపనికి క్లియరెన్స్ ఇవ్వరు. 30 దాటినా ప్రైవేటు ఏజెంటు పంపడానికి వీల్లేదు. 2016 ఆగస్టు నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారా గానీ, పనిలో పెట్టుకునేవాళ్లు స్వయంగా ఈ-మైగ్రేట్‌లో నమోదై తీసుకుంటే గానీ వెళ్లాలి. మన రాష్ట్రానికి ఆ సంస్థ ఓంక్యాప్. పదో తరగతి పాసవని ఆడమనిషిని "ఇంటిపనికి నేను పంపిస్తాను" అని ఏ ప్రైవేటు ఏజెంటైనా అన్నాడంటే, అతను ఎంత మంచివాడైనా, మీకు మేనమామ వరసైనా, చట్టం దాటుతున్నాడు. అతని దగ్గర వేరే ఏదీ పరీక్షించక్కర్లేదు.

ఈ నిబంధన దాటించడానికి రెండు పనులు చేయిస్తారు. ఒకటి, ఆధార్‌లో వయసు పెంచడం. రెండు, ఎక్కడిదో పదో తరగతి సర్టిఫికెట్ పెట్టి ఈసీఆర్ లేని పాస్‌పోర్టు తెప్పించడం. తప్పుడు వివరాలతో పాస్‌పోర్టు తీసుకోవడం నేరం, ఆ దరఖాస్తు మీద సంతకం మీది. వయసు మారిన పాస్‌పోర్టుతో వెళ్లిన మనిషికి ఏదైనా జరిగితే ఇక్కడ బిడ్డలు ఇన్సూరెన్సుకు వెళ్లినప్పుడు రేషన్ కార్డులో ఒక పుట్టిన తేదీ, పాస్‌పోర్టులో ఇంకొకటి కనిపిస్తాయి. ఆ చిక్కు విప్పుకోవడం ఊళ్లో కూర్చున్న ముసలి తల్లికి సాధ్యమయ్యే పని కాదు.

విమానాశ్రయం ముందు రాత్రి జరిగే పాఠం కూడా చెప్పాలి. "కౌంటర్‌లో అడిగితే చుట్టాలింటికి, వారం రోజుల్లో వచ్చేస్తాను అని చెప్పు" అని నేర్పుతారు. తిరుగు టికెట్ కూడా చేతిలో పెడతారు, మీరు దిగాక అది రద్దవుతుంది. శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ అధికారి "ఎవరింటికి, వాళ్లు మీకు ఏమవుతారు, నంబరు చెప్పండి" అని అడుగుతాడు. అప్పుడు గొంతు వణికితే అదృష్టవంతులు, అక్కడే ఆపేస్తారు. నేర్పింది సాఫీగా చెప్పేసినవాళ్లే చిక్కులో పడతారు.

ఇక డబ్బు. లైసెన్సున్న ఏజెంటు మీ దగ్గర తీసుకోగల సర్వీస్ చార్జీ 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ. దానికి రసీదు ఇవ్వాలి. ఇంటిపనికైతే సాధారణంగా వీసా ఖర్చు, టికెట్టు పనిలో పెట్టుకునేవాళ్లే పెట్టుకుంటారు. అక్కడి ఏజెన్సీకి వాళ్లు పెద్ద మొత్తమే కడతారు. ఇటు మీ దగ్గర లక్షన్నర తీసుకున్నాడంటే ఏజెంటు రెండు వైపులా తిన్నాడన్నమాట. అటు ఇంటివాళ్లు కూడా "నీ కోసం ఇంత పోశాం, అది రాబట్టుకునేదాకా కదలనివ్వం" అంటారు. మన దగ్గర ఆ లక్షన్నర డ్వాక్రా అప్పో, నూటికి మూడు రూపాయల వడ్డీ సొమ్మో అవుతుంది. ఎంత ఇవ్వాల్సి వచ్చినా నోట్లు చేతిలో పెట్టకండి. బ్యాంకులోంచో ఫోన్‌పే లోంచో పంపితే పేరు, తేదీ, మొత్తం మిగిలిపోతాయి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ఉంది. ఊళ్లో తిరిగే మనిషి "నేను హైదరాబాద్ ఆఫీసు తరఫున" అంటే ఆ ఆఫీసుకే ఫోన్ చేసి అడగండి. లైసెన్సు లేని సబ్ ఏజెంటు మనుషుల్ని కుదర్చడానికి చట్టం ఒప్పుకోదు.

వీసా కాగితం చేతికొచ్చాక మూడు చోట్ల చూడాలి. వీసా రకం, వృత్తి, స్పాన్సర్ పేరు. అరబిక్‌లో ఉంటే ఇంట్లో చదువుకునే పిల్లల ఫోన్‌లో గూగుల్ లెన్స్ పెట్టి చూడండి, చాలావరకు అర్థమవుతుంది. కువైట్‌లో ఇంటిపని వీసాను 20 నంబర్ అంటారు, కంపెనీ పని వీసా 18 నంబర్. "ఆసుపత్రిలో క్లీనింగ్" అని చెప్పి 20 నంబర్ చూపిస్తే మీరు వెళ్లేది ఎవరి ఇంటికో. మగవాళ్లు వృత్తి గడిని ఇంకా శ్రద్ధగా చూడాలి. డ్రైవర్ పని అని చెప్పి గొర్రెల కాపరి వీసా ఇచ్చేవాళ్లున్నారు. 2024లో కోనసీమ కుర్రాడొకణ్ణి ఖతర్‌లో పని అని తీసుకెళ్లి సౌదీ ఎడారిలో ఒంటెల దగ్గర వదిలేశారు. అతను ఏడుస్తూ వీడియో పెడితే ప్రభుత్వం కదిలి వెనక్కి రప్పించింది.

సరైన వీసా మీద వెళ్తే ఏం ఒరుగుతుంది అని అడిగేవాళ్లకు కువైట్ సంగతే చెప్తాను. అక్కడ 2015లో ఇంటి పనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి నెల రోజుల జీతంతో సెలవు ఇవ్వాలి. పని మానేసేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం లెక్కన ముట్టజెప్పాలి. పాస్‌పోర్టు లాక్కోకూడదు. 2021 జూన్‌లో ఇంటి పనివాళ్ల గురించి మన దేశానికీ కువైట్‌కూ ఒప్పందం కూడా కుదిరింది. ఈ చట్టం ప్రతి ఇంట్లో అమలవుతోందని నేను అనను, అమలు కాని ఇళ్లు చాలా ఉన్నాయి. కానీ కేసు పెట్టడానికి అయినా 20 నంబర్ మీద వెళ్లిన మనిషికే కాలు మోపడానికి నేల ఉంటుంది.

క్లియరెన్స్‌తో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన వస్తుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో పోతే లేదా శాశ్వతంగా పని చేయలేకుండా అయితే 10 లక్షలు. ఆసుపత్రి ఖర్చుకు లక్ష వరకు, పని విషయంలో కోర్టుకెళ్తే 45 వేల వరకు. నామినీ పేరు ఎవరిదో, స్పెల్లింగు ఆధార్‌తో కలుస్తోందో లేదో చూసుకోండి. పాలసీ కాగితం ఇంట్లో పెట్టి వెళ్లండి, మీ పెట్టెలో పెట్టుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు.

ఇదే మోసం మన కుర్రాళ్లకు వేరే దేశాల పేరుతో వస్తోంది. పోలండ్, క్రొయేషియా, మాల్టాలో ఫ్యాక్టరీ పని అంటారు. పాస్‌పోర్టులో అంటించిన షెంజెన్ స్టిక్కర్ మీద "టైప్" దగ్గర సి అక్షరం ఉంటే అది చూసి రావడానికి ఇచ్చింది, 180 రోజుల్లో 90 రోజులే ఉండొచ్చు, పనికి పనికిరాదు. పనికి వెళ్లేవాళ్లకు ముందు అక్కడి కంపెనీ వర్క్ పర్మిట్ తీస్తుంది, తర్వాత డి అక్షరంతో వీసా వస్తుంది. 2025 అక్టోబరు నుంచి షెంజెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫోటో కంప్యూటర్‌లో ఎక్కించడం మొదలైంది, కాబట్టి 91వ రోజున ఎవరున్నారో మిషనే చెప్పేస్తుంది. కంబోడియా, మయన్మార్ సంగతి అంతకన్నా ఘోరం. డేటా ఎంట్రీ ఉద్యోగం అని టూరిస్టు వీసా మీద తీసుకెళ్లి, పాస్‌పోర్టు లాక్కుని, మనవాళ్లకే ఫోన్లు చేయించి దోచే సైబర్ మోసాల్లో కూర్చోబెట్టారు. 2024లో విశాఖ పోలీసులు ఈ ముఠా గుట్టు బయటపెట్టారు. ఆ రెండు దేశాలూ ఆ 18 దేశాల జాబితాలో లేవు, అందువల్ల ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నా అక్కడికి వెళ్తుంటే క్లియరెన్స్ అడగరు. అక్కడ మీకు మీరే కాపలా.

వెళ్లేముందు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, ఏజెంటు ఆధార్ లేదా విజిటింగ్ కార్డు ఫోటోలు తీసి ఇంట్లో ఇద్దరి వాట్సాప్‌కు పంపండి. ఒకరి ఫోన్ పోయినా ఇంకొకరి దగ్గర ఉంటాయి. దిగిన రోజే లొకేషన్ పంపండి. కువైట్‌లో ఐతే ఇంటి గోడమీద చిన్న పలక ఉంటుంది, దానిమీద పాసి నంబరు అని ఎనిమిది అంకెలుంటాయి. చెత్త వేయడానికి బయటికొచ్చినప్పుడు ఆ పలక ఫోటో తీస్తే చాలు. "కువైట్‌లో ఎక్కడో ఉంది, మేడం పేరు ఫాతిమా" అని ఏడ్చే కుటుంబానికీ ఆ ఎనిమిది అంకెలు చెప్పగలిగే కుటుంబానికీ ఎంబసీలో దొరికే సాయంలో చాలా తేడా ఉంటుంది. సివిల్ ఐడీ వచ్చాక ఆ 12 అంకెలూ పంపండి. జీతం పడే ఖాతా మీ పేరుమీదే ఉండాలి. మూడేళ్లు కష్టపడి వచ్చాక ఖాతాలో ఏమీ లేదని తెలుసుకున్న ఆడవాళ్లు మన పల్లెల్లో ఉన్నారు, ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు.

కష్టం వస్తే గోడ దూకి ఎవరో తెలిసినవాళ్ల రూముకు పోవద్దు. ఇంటివాళ్లు వెంటనే పారిపోయినట్టు కేసు పెడతారు, అప్పటినుంచి మీరు ఖల్లివెల్లి, అంటే అక్రమంగా ఉంటున్న మనిషి. బయట పని దొరికినా వెనక్కి రావడానికి దారి మూసుకుపోతుంది, క్షమాభిక్ష ప్రకటించేదాకా ఎదురు చూడాలి. కువైట్‌లో 2018 తర్వాత 2020లో, ఆపైన 2024లో ఇచ్చారు. బయటికి రావాల్సి వస్తే నేరుగా ఇండియన్ ఎంబసీకే వెళ్లండి. పాస్‌పోర్టు లేకపోయినా ఇంటికి రావడానికి అక్కడ ఔట్‌పాస్ ఇస్తారు. దుబాయ్‌లో ఉన్నవాళ్లు 800 46342 నంబరుకు చేయవచ్చు, డబ్బు పడదు. ఇక్కడ ఇంట్లోవాళ్లకు 1800 11 3090 ఉంది, తెలుగులో మాట్లాడతారు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే నంబరు ఇస్తారు, ఆ నంబరు రాసి పెట్టుకోండి, ప్రతిసారీ అదే అడుగుతారు.

ఊళ్లో మిగిలినవాళ్లు ముందుగా ఏజెంటు ఇంటి చుట్టూ తిరగడం చూస్తుంటాను. అతను "రేపు మాట్లాడతా" అంటూ నెలలు గడిపేస్తాడు. దానికి బదులు పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. అమలాపురం కలెక్టరేట్‌లో ఈ పని మీదే కోనసీమ మైగ్రేషన్ సెంటర్ ఉంది. భీమవరం, రాజమహేంద్రవరం, కాకినాడ వాళ్లు తమ కలెక్టరేట్‌లోనే అర్జీ ఇవ్వాలి. అర్జీకి పాస్‌పోర్టు, వీసా కాపీలు, ఏజెంటుకు డబ్బు పంపిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, కువైట్ ఐతే ఆ ఎనిమిది అంకెల పాసి నంబరు జతచేసి, ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోండి.