ఎడారి పలక మీద బొమ్మలు



మీ పలక నల్లగానూ, బలపం తెల్లగానూ ఎందుకు ఉంటాయో ఆలోచించారా? నలుపు మీద తెలుపు దూరానికి కూడా స్పష్టంగా కనిపిస్తుంది. అటువంటి పలక ఒకటి సుమారు 450 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకొని ఉన్నదనుకోండి. దాని మీద గీయడానికి బలపం అక్కరలేదు. తెలుపు ఆ పలక అడుగునే ఉన్నది. పైనున్న నలుపును కొంచెం పక్కకు తీస్తే చాలు, గీత పడుతుంది.

ఇది కట్టుకథ కాదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో ఉన్న నాజ్‌కా ఎడారి అటువంటి పలకే. సుమారు రెండు వేల సంవత్సరాల క్రిందట అక్కడి ప్రజలు దాని మీద గీసిన బొమ్మలు నేటికీ చెరిగిపోలేదు. కోతి, సాలెపురుగు, కాండర్ అనే పెద్ద రాబందు, హమ్మింగ్ పక్షి, వీటితోపాటు బారు తీసినట్లు కిలోమీటర్ల కొద్దీ సాగిపోయే సరళరేఖలు అక్కడ ఉన్నాయి. కోతి బొమ్మ పొడవు సుమారు 93 మీటర్లు. కాండర్ పొడవు సుమారు 134 మీటర్లు. సాలెపురుగు కూడా 46 మీటర్లకు తక్కువ కాదు. వీటిని ఎలా గీశారు? ఇన్నాళ్లు ఎలా నిలిచాయి? విమానం ఎక్కి చూడవలసిన అవసరం ఏమిటి? ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

సముద్రం పక్కన ఎడారి

ఈ బొమ్మలను చూడదలచినవారు పెరూ రాజధాని లీమా నగరంలో బస్సు ఎక్కుతారు. పాన్ అమెరికన్ రహదారి మీద దక్షిణంగా సుమారు 450 కిలోమీటర్లు పోవాలి. ఇంచుమించు ఒక పగటి ప్రయాణం. కుడి చేతి వైపు పసిఫిక్ మహాసముద్రం, ఎడమ చేతి వైపు పచ్చగడ్డి పరక కూడా లేని కొండలు. పిస్కో, ఇకా వంటి నదీలోయలు వచ్చినప్పుడు మాత్రమే పత్తిచేలు, ద్రాక్షతోటలు కనిపిస్తాయి. లోయ దాటగానే మళ్లీ ఇసుకే. 

సముద్రం అంత దగ్గరగా ఉండగా ఎడారి ఎందుకు ఏర్పడింది? దీనికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది హంబోల్ట్ శీతల ప్రవాహం. ఈ చల్లని నీరు దక్షిణం నుండి వచ్చి పెరూ తీరాన్ని ఒరుసుకొని పారుతుంది. దాని మీది గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. బరువైన గాలి పైకి లేవదు. గాలి పైకి లేవకపోతే వానమబ్బు ఏర్పడదు. రెండవది ఆండీస్ పర్వతాలు. తూర్పున అమెజాన్ అడవుల మీదుగా వచ్చే తేమగాలులు ఆ పర్వతాలకు అవతలి వైపే వర్షించి, ఇటు వచ్చేసరికి పొడిబారిపోతాయి. పడమటి కనుమల చాటున ఉన్నందువల్లనే మన అనంతపురానికి వాన తక్కువ అని భూగోళంలో చదివారు గదా! ఇక్కడా అదే సూత్రం. కాని ఇక్కడ రెండు కారణాలు కలిసినందువల్ల నాజ్‌కాలో ఏడాదికి పడే వాన కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. ఈ ఒక్క సంగతి బాగా గుర్తుంచుకోండి. కథంతా దీని మీదనే ఆధారపడి ఉన్నది.

గీత ఎలా పడింది?

పిస్కో దాటిన తరువాత రహదారి సముద్రాన్ని విడిచి లోపలికి తిరుగుతుంది. పాల్పా లోయ దాటి విశాలమైన బల్లపరుపు మైదానం మీదికి చేరుతుంది. ఈ నేల మీద ఇసుక తిన్నెలు లేవు. ముదురు గోధుమరంగు రాళ్లు నేలంతా పరిచినట్లు ఉంటాయి. నిజానికి ఆ రాళ్లు లోపల అంత నల్లగా ఉండవు. వేల ఏళ్లు ఎండకు, గాలికి పడి ఉన్నందువల్ల వాటి పైభాగాన ఇనుము, మాంగనీసు ఆక్సైడులతో కూడిన పలుచని పూత ఏర్పడింది. రాళ్ల అడుగున ఉన్న మట్టికి ఆ పూత లేదు. అది లేత పసుపు రంగులో ఉంటుంది.

నాజ్‌కా ప్రజలు చేసిన పని ఇదే. గీత పడవలసిన చోట రాళ్లను ఏరి రెండు ప్రక్కలా అంచుగా పేర్చారు. మధ్యలో లేత రంగు మట్టి బయటపడింది. గీతల లోతు పది నుండి ముప్పై సెంటీమీటర్లకు మించదు. మన ఇళ్ల ముందు ముగ్గు వేసేవారు నేల మీద పిండిని చేరుస్తారు. వీరు నేల మీద నుండి రాయిని తీసివేశారు. ముగ్గు వానకు పోతుంది. వీరి గీతను కడిగివేసే వాన అక్కడ లేదు.

ఆ ప్రజలే గీశారని ఎలా తెలిసింది? నాజ్‌కా కుండల మీద కూడా ఇటువంటి పక్షులు, జంతువుల బొమ్మలే ఉన్నాయి. ఆ కుండల పెంకులు గీతల మీద దొరికాయి. కొన్ని గీతల చివర పాతిన కర్ర గుంజలు దొరికితే వాటి వయస్సును కార్బన్-14 పద్ధతిలో లెక్కకట్టారు. ఈ ఆధారాలన్నిటినీ బట్టి క్రీ.పూ. 500 నుండి క్రీ.శ. 500 వరకు ఈ గీతలు గీయబడినవని చెబుతారు.

నిలబడి చూస్తే ఏమవుతుంది?

ఇప్పుడు ఒక చిన్న లెక్క. మీ కన్ను నేలకు 1.5 మీటర్ల ఎత్తున ఉన్నదనుకోండి. మీ ముందు 30 మీటర్ల దూరాన మొదలై 90 మీటర్ల దూరాన ముగిసే బొమ్మ ఒకటి నేల మీద ఉన్నది. అంటే దాని పొడవు 60 మీటర్లు. దాని దగ్గరి కొనను చూడటానికి మీ చూపు క్షితిజ రేఖ కంటే సుమారు 2.9 డిగ్రీలు దిగాలి. దూరపు కొనను చూడటానికి సుమారు 1 డిగ్రీ దిగితే చాలు. తేడా 1.9 డిగ్రీలు. చేయి బారుగా చాపి బొటనవేలు నిలబెడితే ఆ వేలి వెడల్పు మన కంటికి ఇంచుమించు 2 డిగ్రీలు. అనగా 60 మీటర్ల బొమ్మ మొత్తం మీ బొటనవేలి వెడల్పులోకి నలిగిపోయింది! అందువల్లనే పక్కనే నిలబడినా అది కోతియో కొంగయో పోల్చుకోలేము.

అదే మనిషి 13 మీటర్ల ఎత్తున్న మంచె ఎక్కితే, ఆ 60 మీటర్లు 16 డిగ్రీలకు పైగా పరుచుకుంటాయి. ఎనిమిది రెట్లకు మించిన లాభం! పదవ తరగతి వారు త్రికోణమితి పట్టికలు తీసి ఈ లెక్కను సరిచూడండి. నాజ్‌కా పట్టణానికి ఇరవై కిలోమీటర్లకు పైగా ముందే రహదారి పక్కన అటువంటి ఇనుప మంచె నిజంగానే ఉన్నది. దాన్ని 1976లో కట్టించారు. దాని మీద నుండి 'చేతులు', 'చెట్టు' అని పిలిచే రెండు బొమ్మలు కనిపిస్తాయి. అక్కడే మరో దృశ్యం కూడా ఉన్నది. బల్లి బొమ్మ ఒకటి రెండు ముక్కలై కనిపిస్తుంది. ఈ బొమ్మల విలువ తెలియని రోజుల్లో వేసిన రహదారి దాని మీదుగానే పోయింది.

మిగిలిన బొమ్మల కోసం చిన్న విమానం ఎక్కాలి. సుమారు అరగంట ప్రయాణం. రెండు వైపులా కూర్చున్నవారికీ కనిపించాలని పైలట్ ఒక్కొక్క బొమ్మ దగ్గర విమానాన్ని ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వాలుస్తాడు. చాలామందికి కడుపులో తిప్పుతుంది. అయినా కిందికి చూసినవారికి మన లెక్క కళ్లెదుటే రుజువవుతుంది. చూపు పై నుండి పడుతున్నది కనుక పొడవు, వెడల్పు తమ నిష్పత్తిలోనే కనిపిస్తాయి. కోతి తోక చుట్టలు చుట్టలుగా తిరిగి ఉండటం, దాని రెండు చేతులకు కలిపి తొమ్మిది వేళ్లే ఉండటం కూడా తెలుస్తుంది.

చీపురు పట్టిన గణితవేత్త

పెరూ పురావస్తు శాస్త్రజ్ఞుడు తొరీబియో మెహీయా 1927లో ఇక్కడి కొండల మీద నుండి ఈ గీతలను గమనించాడు. అంటే మొదటి పరిశీలనకు విమానం అవసరం కాలేదన్నమాట. 1941లో అమెరికాకు చెందిన పాల్ కోసాక్ ప్రాచీన సాగు కాలువలను పరిశీలించడానికి వచ్చాడు. ఈ గీతలు కాలువలు కావని గ్రహించాడు. జూన్ 22 సాయంకాలం ఒక గీత చివర సూర్యుడు సరిగ్గా అస్తమించడం చూశాడు. దక్షిణార్ధగోళంలో అది సంవత్సరంలోకెల్లా పగలు తక్కువగా ఉండే కాలం. అయితే ఈ గీతలు ఒక పెద్ద పంచాంగమా? అతనికి ఆ ఆలోచన కలిగింది.

ఆ ఆలోచనను పట్టుకొని జీవితమంతా అక్కడే గడిపినది మరియా రైఖె. ఆమె 1903లో జర్మనీలో పుట్టింది. గణితం చదివింది. టేపు, దిక్సూచి, చీపురు తీసుకొని ఎండలో ఒంటరిగా గీత వెంట గీత ఊడ్చి, కొలిచి, పటాలు గీసింది. వాటిని కాపాడమని ప్రభుత్వాన్ని అడుగుతూనే ఉన్నది. మనం చెప్పుకొన్న మంచె కట్టించినది ఆమెయే. 1994లో యునెస్కో ఈ ప్రదేశాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1998లో ఆమె మరణించింది.

ఇక పంచాంగం సంగతి ఏమైంది? ఖగోళ శాస్త్రజ్ఞుడు జెరాల్డ్ హాకిన్స్ 1968లో ఈ గీతల దిశలను కంప్యూటరుతో పరీక్షించాడు. సూర్యచంద్రుల వైపు, నక్షత్రాల వైపు చూపే గీతలు కొన్ని ఉన్నా, యాదృచ్ఛికంగా రాగల సంఖ్యకు అవి మించలేదు. అన్ని దిక్కులకూ వందల గీతలు ఉన్నప్పుడు కొన్నింటి చివర సూర్యుడు అస్తమించడంలో వింత లేదు గదా! రైఖె ఊహకు బలం తగ్గింది. కాని ఆమె కొలతలు మాత్రం తరువాతి వారందరికీ పనికివచ్చాయి. ఊహ వీగిపోయినా జాగ్రత్తగా తీసిన కొలత నిలుస్తుంది. ప్రయోగశాలలో రికార్డు రాసేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

ఆకాశం నుండి వచ్చినవారా?

1968లోనే ఎరిక్ ఫాన్ డానికెన్ అనే రచయిత, వేరే గ్రహాల నుండి వచ్చినవారి వాహనాలు దిగడానికే ఈ గీతలు వేశారని రాశాడు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. మెత్తని ఆ నేలలో వాహనాలు దిగబడిపోతాయని రైఖె జవాబు చెప్పింది. ఇంకా మంచి జవాబు 1982లో వచ్చింది. అమెరికాలోని కెంటకీలో జో నికెల్ అనే పరిశోధకుడు కొద్దిమంది సహాయంతో కర్ర మేకులు, తాడు మాత్రమే వాడి 134 మీటర్ల కాండర్ బొమ్మను ఒక పొలంలో గీశాడు. కొద్ది రోజుల్లో పని పూర్తయింది. విమానం నుండి ఫోటో తీస్తే బొమ్మ సరిగ్గా వచ్చింది. 

మీరూ చేసి చూడండి. సెంటీమీటరు గళ్ల కాగితం మీద 20 సెంటీమీటర్ల చేపను గీయండి. బడి ఆవరణలో తాళ్లు కట్టి అర మీటరు గళ్లు వేయండి. కాగితం మీద ఒక గడిలో గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నదో, నేల మీద ఆ గడిలోనూ అలాగే ముగ్గుపిండితో గీయండి. వంపు కావలసిన చోట మేకు పాతి, తాడు కట్టి తిప్పండి. పది మీటర్ల చేప తయారవుతుంది. గీసేటప్పుడు మీకు చేప కనబడదు. మేడ ఎక్కితే కనబడుతుంది. చూడకుండానే సరిగా గీయవచ్చునని మీకే తెలుస్తుంది. తెలివికి రెక్కలు అక్కరలేదు.

ఎందుకు గీశారు?

పెద్ద జంతువుల బొమ్మలను జాగ్రత్తగా చూస్తే, చాలావాటిలో గీత ఎక్కడా తనను తాను దాటదు. ఒక చివర ప్రవేశించి నడిస్తే బొమ్మంతా తిరిగి మరో చివర బయటికి రావచ్చు. పూజలలో ఆ గీతల వెంట నడిచేవారని పలువురు పరిశోధకుల అభిప్రాయం. ఎడారిలో అన్నిటికంటే విలువైనది నీరు. నాజ్‌కా వద్ద భూగర్భజలాన్ని పొలాలకు తెచ్చే పాతకాలపు సొరంగ కాలువలు, వాటిలోకి దిగే శంఖపు మెలిక వంటి బావులు ఉన్నాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ నీరిస్తున్నాయి. అందువల్ల ఈ గీతలకు నీటి కోసం చేసే పూజలకు సంబంధం ఉన్నదని కొందరు భావిస్తారు.

పరిశోధన ఇంకా ముగియలేదు. 2020లో ఒక కొండవాలున 37 మీటర్ల పిల్లి బొమ్మ బయటపడింది. 2024లో జపానులోని యమగాత విశ్వవిద్యాలయం వారు కృత్రిమ మేధ సహాయంతో 303 కొత్త బొమ్మలను కనుగొన్నామని ప్రకటించారు. తెలిసిన బొమ్మలను చూపి కంప్యూటరుకు శిక్షణ ఇచ్చారు. విమానం నుండి తీసిన ఫోటోలలో అది అనుమానించిన చోట్లకు మనుషులు కాలినడకన వెళ్లి నిర్ధారించారు. వాటిలో ఎక్కువ భాగం పది మీటర్ల లోపు చిన్న బొమ్మలు. అవి పాత కాలిబాటల పక్కన, నడిచేవారి కంటికి కనిపించేలా ఉన్నాయి. అంటే అవి ఆకాశం కోసం కాదు, దారిన పోయే మనిషి కోసమే.

ఒక్క అడుగు

ఇప్పుడు మొదట గుర్తుంచుకోమన్న సంగతికి వద్దాం. అక్కడ వాన లేదు. గీత అంటే పక్కకు జరిగిన రాయి. మరి మనిషి ఆ నేల మీద అడుగు వేస్తే ఏమవుతుంది? నల్లరాయి పక్కకు జరుగుతుంది, లేతమట్టి బయటపడుతుంది. అంటే అడుగు కూడా ఒక గీతే! దాన్ని కడిగివేసే వాన రాదు. రెండు వేల ఏళ్లు బొమ్మను కాపాడిన పొడితనమే మన అడుగును కూడా అలాగే కాపాడుతుంది.

ఇది ఊహ కాదు. 2014 డిసెంబరులో పర్యావరణాన్ని కాపాడాలని ప్రచారం చేసే ఒక సంస్థవారు హమ్మింగ్ పక్షి పక్కన పెద్ద గుడ్డ అక్షరాలు పరిచారు. వారి ఉద్దేశం మంచిదే. కాని వారు నడిచిన దారి నేల మీద కొత్త గీతగా మిగిలింది. 2018 జనవరిలో ఒక లారీ రహదారి దిగి మైదానంలోకి పోయి మూడు గీతలలో కొంత భాగాన్ని పాడుచేసింది. 

అందుకే చూడవచ్చిన వారిని ఆ గీతల మీదికి నడవనివ్వరు. మంచె మీద నుండో, విమానం నుండో చూసి పోవాలి. పై నుండి చూస్తే బాగా కనిపిస్తుందన్నది ఒక కారణం. పై నుండి చూస్తే అడుగు పడదన్నది దానికంటే పెద్ద కారణం.

ఆలోచించండి

1. మన ఊరి చెరువు గట్టు మీద ఇటువంటి బొమ్మ గీస్తే ఎన్నాళ్లు నిలుస్తుంది? దాన్ని చెరిపివేసేవి ఏమిటి?

2. 20 సెంటీమీటర్ల చేపను 10 మీటర్లకు పెంచినప్పుడు పొడవు 50 రెట్లు పెరిగింది. వైశాల్యం ఎన్ని రెట్లు పెరిగింది?

3. కన్ను 1.5 మీటర్ల ఎత్తులోనే ఉన్నా, ఏటవాలు కొండ మీది బొమ్మ ఎదుటి నేల మీది వారికి ఎందుకు బాగా కనిపిస్తుంది? పటం గీసి వివరించండి.