వలిసె చేను - పైనున్న అడవి

అక్టోబరు నుండి డిసెంబరు వరకు అరకులోయకు వచ్చువారు కొండల నడుమ పసుపు ఆరబోసినట్లున్న వలిసె చేలను చూచి, ప్రకృతి సౌందర్యమని మెచ్చుకొని పోవుదురు. ప్రకృతి పాలు అందులో సగమే. ఆ చేను గిరిజన రైతు దున్ని చల్లినది. అందులో గింజ పట్టుట పై కొండమీది అడవిని బట్టి యుండును.

ఈ కొండలలో సేద్యపు అమరిక చూడుడు. వాగుల వెంబడి మడులలో వరి. దానిపై మెట్టలో చోళ్లు, సామ, వలిసె. ఆ పైన కాఫీ తోట, అడవి. కొండదొర, భగత, కోటియా, పోర్జ మొదలగు తెగలవారు తరతరములుగా ఏ పంట ఏ మెట్టున నిలుచునో కనిపెట్టి ఏర్పరచుకొన్న అమరిక యిది. దీనిని చదువురాని సేద్యమనుట తగదు.

వలిసె పువ్వు తన పుప్పొడితో తాను గింజ కట్టుట చాల అరుదు. ఒక మొక్క పుప్పొడి మరియొక మొక్కకు చేరవలెను. ఆ పని ముఖ్యముగా తేనెటీగలది. ఈగలు రాని చేను చూపునకు పసుపుగానే యుండును గాని నూర్పునాడు తాలు ఎక్కువగును.

అయితే వలిసె పూత రెండు మూడు నెలలే. మిగిలిన కాలము ఈగ ఏమి తిని బ్రతుకును? మాఘమాసమున మామిడి, వేసవి మొదట ఇప్ప, నేరేడు, కాఫీ, ఆ తరువాత చింత పూయును. ఇన్ని రకముల చెట్లు ఒకచోట నున్నది అడవిలోను, పాత చెట్లను నరకక నీడగా ఉంచిన కాఫీ తోటలోను మాత్రమే. సిల్వర్ ఓకు త్వరగా పెరుగును, మిరియపు తీగకు మంచి ఊత, కాదనము. కాని తోట అంతయు అదియే నాటినచో పూత ఒకే కాలమున ముగిసిపోవును. తొర్రలున్న ముసలి పనస, మామిడి చెట్లను "పనికిరానివి" అని కొట్టవద్దు. ఆ తొర్రలలో ఈగలు పట్టు పెట్టును.

తేనె తీయునప్పుడు పట్టునకు నిప్పు పెట్టక, పొగ చూపి, తేనె యున్న భాగము మాత్రమే కోసి, పిల్లపురుగులున్న భాగమును వదలవలెను. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తేనె కొనుచున్నది. పట్టు బ్రతికియున్ననే మరుసటి ఏడు అమ్ముటకు తేనె యుండును. పూతకాలమున చేలపై పురుగుమందు చల్లరాదు.

వలిసెకు మరియొక శత్రువు బంగారు తీగ. ఇది విత్తనముతోనే చేనికి వచ్చును. దాని గింజ వలిసె గింజకన్న చిన్నది గనుక సన్న జల్లెడతో జల్లించి విత్తుడు. తీగ కనిపించినచో అది పూయకముందే, అల్లుకొన్న మొక్కతో సహా పీకి కాల్చివేయుడు. తీగ పడిన చేనిలో మరుసటి ఏడు చోళ్లు గాని సామ గాని వేయుడు. ఆ పైరులపై అది బ్రతుకజాలదు. మంచి విత్తనమునకు చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానము వారిని ఆగస్టుకు ముందుగనే అడుగవలెను.