లెక్క కెక్కనివారు

రైతు చేను చూచి నిర్ణయము చేయును. ప్రభుత్వమువారు కాగితము చూచి చేయుదురు. కాగితమున కెక్కని కష్టము ఎంత పెద్దదైనను వారి దృష్టికి ఆనదు. ఇందుకు 1943వ సంవత్సరపు వంగదేశపు కరవును తార్కాణముగా సభ్యుల ముందుంచుచున్నాము.

1876-78 నాటి మహాక్షామము తరువాత ఆంగ్ల ప్రభుత్వమువారు కరవు నిబంధనలు వ్రాయించిరి. ధరలు హెచ్చుట, అప్పు పుట్టకుండుట, జనులు దిక్కుతోచక ఊళ్లు విడిచి తిరుగుట మున్నగు గురుతులు కనబడగానే మేలుకొనవలెనని వాని సారము. వ్రాసినవారు పల్లె నెరిగినవారే యని మాకు తోచుచున్నది. అయినను 1943లో వంగరాష్ట్రమున ఆ నిబంధనల ననుసరించి కరవును ప్రకటింపనే లేదు. అధికారుల చూపంతయు బియ్యపు నిల్వలమీదనే నిలిచెను. రాష్ట్రమున ధాన్యము చాలునా, వర్తకులు దాచిరా యని తర్కించుచు, జూను మాసమున ఇండ్లు, కొట్లు సోదా చేయించిరి.

అమర్త్యసేన్ గారు 1981లో ప్రకటించిన గ్రంథమున ఆ లెక్కలనే తిరిగి పరిశీలించిరి. 1943లో లభ్యమైన బియ్యము అంతకుముందటి అయిదేండ్ల సగటుకంటె నూటికి అయిదుపాళ్లు మాత్రమే తక్కువ; కరవులేని 1941 కంటె నూటికి పదుమూడుపాళ్లు ఎక్కువ! మరి జనులేల చచ్చిరి? యుద్ధవ్యయముచే ధర లెగబ్రాకెను. వ్యవసాయకూలీల కూలి ఆ వెంట పోలేకపోయెను. దినకూలికి ఎన్ని సేర్ల బియ్యము వచ్చునో చూచియుండినచో ఆపద ముందే తెలిసియుండెడిది. నిల్వల పట్టికలో కూలివానికి గడి లేదు.

ఆగస్టు 22వ తేదీన కలకత్తా స్టేట్స్‌మన్ పత్రిక వీధులలోని క్షుద్బాధితుల ఛాయాచిత్రములను ప్రకటించెను. అప్పటికిగాని ఢిల్లీ, లండను నగరములకు సంగతి గట్టిగా సోకలేదు. అక్టోబరులో క్రొత్త వైస్రాయి వేవెల్ ప్రభువు కలకత్తాకు వచ్చి, ధాన్యము పంచుటకు సైన్యమును నియోగించెను. చనిపోయినవారు పదునైదు లక్షలని 1945లో విచారణ సంఘము అంచనా కట్టినది. ముప్పది లక్షల వరకని తరువాతివారిలో కొందరి మాట. చిత్రములకును ఒక కొరత కలదు. అవి పట్టణపు వీధిని చూపినవి. చావులలో హెచ్చుపాలు పల్లెలయందే జరిగినవి.

మన యూళ్లలో గడి లేనివాడు కౌలురైతు. నేల పట్టాదారునిది, పెట్టుబడియు చెమటయు కౌలుదారునివి. గాలివానకు పైరు పడినపుడు సహాయము నమోదైన పేరునకే వచ్చును. అతని పేరు లేనిచో ఆ నష్టము పై లెక్కలలో అతనిది కానేకాదు. కావున పైరు నమోదునకు ఉద్యోగి వచ్చిన దినమున సభ్యులు చేనివద్ద నిలిచి, సాగుదారుని గడిలో ఎవరిపేరు వ్రాసిరో చదివించుకొనుడు. తప్పున్నచో అప్పుడే అర్జీ వ్రాసి, దాని నకలొకటి సంఘ కార్యదర్శికి ఇయ్యుడు.