రాళ్ల చదువుకు కోచింగ్ తొందరెందుకు?

ఇంటర్ పూర్తయిన పిల్ల జియాలజీ చదువుతానంటే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న, ‘రాళ్లు చదివి ఏం చేస్తావ్?’ అదే తల్లిదండ్రులకు యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష ఒకటుందని తెలిస్తే చాలు, డిగ్రీ మొదటి ఏడాదిలోనే కోచింగ్ ఫీజు కట్టేస్తారు. మొదటిది అపోహ, రెండోది అనవసరపు హడావుడి. ఈ విద్య ఎక్కడ అబ్బుతుందో తెలియకపోవడమే రెండింటికీ కారణం. జియాలజీ కొండ దగ్గర నేర్చుకోవాల్సిన పని. ఆ పని చేతికొస్తే పరీక్ష కూడా అందుతుంది, పరీక్ష పోయినా బతుకుతెరువు మిగులుతుంది.

తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండను తొలిచినచోట చూడండి. అడుగున దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, దాని మీద కడప బేసిన్ క్వార్ట్‌జైట్ పొరలు. గ్రానైట్ పైకి తేలి, అరిగిపోయి, దాని మీద ఇసుక పేరుకుని రాయిగా మారేలోపు పదుల కోట్ల ఏళ్లు గడిచాయి. ఆ కాలానికి అక్కడ మిగిలిన సాక్ష్యం ఒక్క గీతే. ఆ గీత ఉన్న చోటు జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. ఇదే బేసిన్‌లో పడమటి వైపు పొరలు పెద్దగా చెదరకుండా ఉంటే, తూర్పున నల్లమలలో ముడతలు పడ్డాయి. తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి అదే ఆధారం. ఇంకా తూర్పుకు వెళ్తే విశాఖ కొండల్లో గార్నెట్ గింజలు పొదిగిన ఎర్రటి ఖోండలైట్ కనిపిస్తుంది. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో విపరీతమైన వేడికి మారిన రాయి అది. దానికి తోబుట్టువుల్లాంటి శిలలు తూర్పు అంటార్కిటికాలో ఉన్నాయి. పొర ఎటు వాలింది, ఎన్ని డిగ్రీలు వాలిందన్నది కంపాస్ పట్టుకుని స్వయంగా కొలిచిన విద్యార్థికే ఈ కథ అర్థమవుతుంది.

‘కథ బాగుంది, జీతం ఎవరిస్తారు?’ అనడం న్యాయమే. మంగంపేట ముగ్గురాయి, తుమ్మలపల్లె యురేనియం కడప బేసిన్ పొరల్లోనివి. మన్యంలోని బాక్సైట్ ఖోండలైట్ శిథిలమై ఏర్పడింది. కొండ ఎలా పుట్టిందో తెలిస్తేనే ఖనిజం కోసం ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ) దక్షిణ ప్రాంత కార్యాలయం, అణు ఖనిజాల సంస్థ, జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎండీసీ), జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) అన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. సింగరేణి, భూగర్భజల శాఖలు, సొరంగాలు తవ్వే కంపెనీలకూ జియాలజిస్టులు కావాలి. అయితే సాఫ్ట్‌వేర్ కంటే సంపాదన ఆలస్యంగా మొదలవుతుంది. ఎమ్మెస్సీ దాకా చదవక తప్పదు. ఆ ఓపిక లేని ఇల్లు ముందే చెప్పేయడం మంచిది.

అర్హత సంగతి ఒక్క మాటలో: జియో సైంటిస్ట్ పరీక్షలో జియాలజిస్ట్ పోస్టుకు సంబంధిత పీజీ, 21 నుంచి 32 ఏళ్ల వయసు ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. అసలు జాగ్రత్త కోచింగ్ దగ్గర. పోస్టులు తక్కువ, ఏటా ఒకే సంఖ్యలో రావు. ఒక్క పరీక్ష మీదే అయిదేళ్లు పందెం కాయడం వివేకం కాదు. రాళ్ల పేర్లు బట్టీ పట్టిన పిల్ల బిట్లు దిద్దగలదేమో గాని, మెయిన్స్‌లో రాయాల్సి వచ్చినప్పుడు, ఇంటర్వ్యూలో రాయి చేతికిచ్చినప్పుడు తేలిపోతుంది. ఆ ఫీజు డబ్బుతో సుత్తి, కంపాస్, హ్యాండ్ లెన్స్ కొనివ్వండి, ఫీల్డ్ ట్రిప్పుల ఖర్చు పెట్టుకోండి. కాలేజీలో చేర్చే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఏడాదికి ఎన్ని రోజులు ఫీల్డ్‌కు తీసుకెళ్తారు? మైక్రోస్కోప్ పిల్లల చేతికిస్తారా, బీరువాలో పెట్టి తాళం వేస్తారా? జవాబు నసిగితే ఆ కాలేజీ వద్దు. ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్ ప్రవేశ పరీక్ష రాయించండి. కుదరకపోతే మన పాత విశ్వవిద్యాలయాల్లోని జియాలజీ విభాగాలు ఉండనే ఉన్నాయి.

‘ఆడపిల్ల ఎండలో కొండలెక్కడమా?’ అన్న అభ్యంతరానికి కాలం చెల్లింది. 2019లో కేంద్రం భూగర్భ గనుల్లో సైతం, షరతులతో, మహిళలు పనిచేయడానికి అనుమతించింది. ఆడైనా మగైనా చూడాల్సింది ఇష్టమొక్కటే. కొండెక్కడం గిట్టని పిల్లల్ని సర్కారీ కొలువు ఆశతో ఇందులోకి తోయడం, ఇష్టపడి అడిగిన పిల్లల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడం, రెండూ ఒకే తప్పు. దాని ఖర్చు మాత్రం పిల్లలే భరించాలి.