జిల్లా ఎంత పెద్దదిగా ఉండవలెను? - జర్మనీలోని ర్యూగెన్ ద్వీపము చెప్పు పాఠము

ఒక రైతు జిల్లా సభకు సభ్యుడుగా ఎన్నికైనాడనుకొందము. ఉదయము పొలము పని చూచుకొని, సాయంకాలము సభకు పోయి, రాత్రికి ఇల్లు చేరగలిగిననే అతడు ఆ పదవిని సార్థకముగా నిర్వహింపగలడు. సభ జరుగు పట్టణము మరీ దూరమైనచో, జిల్లా మరీ పెద్దదైనచో, తీరిక గలవారును కలవారును మాత్రమే సభ్యులుగా మిగులుదురు. ఇది చిన్న విషయముగా తోచవచ్చును. కాని జర్మనీ దేశమున ఒక రాష్ట్ర రాజ్యాంగ న్యాయస్థానము 2007లో ముఖ్యముగా ఈ విషయమును పట్టుకొనియే, శాసనసభ చేసిన జిల్లాల పునర్విభజన చట్టమును కొట్టివేసినది. ఆ రాష్ట్రములో అప్పుడు ర్యూగెన్ అను గ్రామీణ జిల్లా ఒకటి ఉండెడిది. తీర్పు వచ్చిన నాలుగేండ్లకు, 2011లో, వేరొక చట్టము క్రింద ఆ జిల్లా రద్దయినది. దాని భూగోళమును, చరిత్రను, పాలనా విధానమును తెలిసికొనుట పంచాయతీ సభ్యులకు ప్రయోజనకరమని తలంచి ఈ పాఠమును అందించుచున్నాము.

ద్వీప స్వరూపము

ర్యూగెన్ జర్మనీ దేశమునకు ఈశాన్యమున, బాల్టిక్ సముద్రములో ఉన్న ద్వీపము. జర్మను ద్వీపములలో ఇదియే పెద్దది. దీని విస్తీర్ణము 926 చదరపు కిలోమీటర్లు. హిడెన్‌జే, ఉమ్మంట్స్ మొదలగు చిన్న ద్వీపములను కలుపుకొని జిల్లా విస్తీర్ణము 974 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య 70 వేలకు లోపు. ద్వీపము నడుమనున్న బెర్గెన్ పట్టణము జిల్లా కేంద్రము. ఒక సన్నని జలసంధి ఈ ద్వీపమును ప్రధాన భూభాగమునందలి ష్ట్రాల్‌జుండ్ నగరమునుండి వేరుచేయుచున్నది. 1936లో వంతెన కట్టువరకు రైలు పెట్టెలను సైతము ఓడలపై దాటించెడివారు. 2007లో రెండవ వంతెన, మిక్కిలి ఎత్తైనది, నిర్మింపబడినది.

ద్వీపపు తీరము గండ్లుపడి వంకరటింకరగా ఉండును. సముద్రపు నీరు లోనికి చొచ్చుకొని వచ్చి లోతు తక్కువైన జలాశయములుగా ఏర్పడినది. వీనిని అచ్చటివారు బొడెన్ అందురు. ఈశాన్యమున యాస్‌ముండ్ అను భాగములో తెల్లని సుద్దరాతి కొండలు సముద్రమునుండి నిటారుగా లేచి నిలిచియున్నవి. వానిలో పేరుపొందిన శిఖరము 118 మీటర్ల ఎత్తు. ఆ కొండలపైనున్న బీచ్ జాతి వృక్షముల అడవిని 1990లో జాతీయవనముగా ప్రకటించిరి. 2011లో అది ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో చేరినది.

గోధుమ, నూనెగింజల సేద్యము, చేపల వేట, సుద్ద త్రవ్వకము ఈ ద్వీపమున పూర్వమునుండియు వచ్చుచున్న వృత్తులు. గత నూరు సంవత్సరములకు పైగా వేసవి యాత్రికుల రాకడ ముఖ్య జీవనాధారమైనది. బింట్స్, జెల్లిన్ మొదలగు తీరగ్రామములకు వేసవిలో వచ్చు జనము అచ్చటి కాపురస్థుల సంఖ్యను మించిపోవును. మంచినీరు, మురుగుపారుదల, చెత్త తొలగింపు, రోడ్లు అన్నియు ఆ రద్దీకి తగినట్లు ఏర్పరుపవలెను. శీతకాలమున ఆ భారమును కొద్ది జనమే మోయవలెను. జాతర జరుగు గ్రామముల పంచాయతీలకు ఈ చిక్కు సులభముగా బోధపడును.

భూస్వామియే ప్రభుత్వమైన కాలము

పూర్వము ఈ ద్వీపమున రాని అను స్లావు జాతివారు నివసించెడివారు. ఉత్తరపు కొనయైన అర్కోనా వద్ద వారి దేవుడైన స్వాంతెవిత్ ఆలయముండెడిది. 1168లో డెన్మార్కు రాజు మొదటి వాల్డెమార్ ఆ కోటను పట్టుకొని ద్వీపవాసులను క్రైస్తవములో చేర్చెను. 1325లో స్థానిక రాజవంశము అంతరించినది. ద్వీపము పొమరేనియా ప్రభువుల చేతికిని, 1648 సంధి ననుసరించి స్వీడను దేశమునకును, 1815లో ప్రష్యా రాజ్యమునకును పోయినది.

ఏలికలు మారినను పొలము దున్నువాని గతి మారలేదు. అతడు భూమికి కట్టుబడిన దాసుడు. యజమాని అనుమతి లేక ఊరు విడువరాదు, వివాహమాడరాదు. ఈ ద్వీపముననే 1769లో జన్మించిన ఎర్న్‌స్ట్ మోరిట్స్ ఆర్న్‌ట్ అను రచయిత తండ్రి అట్టి దాస్యమునుండి విముక్తి పొందినవాడు. ఆర్న్‌ట్ 1803లో పొమరేనియా, ర్యూగెన్ ప్రాంతముల దాస్యవ్యవస్థ చరిత్రను గ్రంథముగా ప్రకటించెను. 1806లో స్వీడను రాజు ఆ వ్యవస్థను రద్దుచేసెను.

1818లో ప్రష్యా ప్రభుత్వము ద్వీపమును ఒక జిల్లాగా ఏర్పరచినది. జిల్లా అధిపతికి లాండ్‌రాట్ అని పేరు. అతనిని రాజు నియమించెడివాడు. జిల్లా సభలో గొప్ప ఎస్టేటుల యజమానులలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఓటుండగా, రైతులందరికిని కలిసి కొద్దిమంది ప్రతినిధులే ఉండిరి. 1872 నాటి జిల్లాల చట్టము గ్రామములకును పట్టణములకును సభలో మెరుగైన స్థానము కల్పించి, భూస్వాములకున్న పోలీసు అధికారమును తొలగించినది. అయినను ఎస్టేటు భూమి ఏ గ్రామములోను చేరక తానే ఒక పాలనా ఘటకముగా నిలిచియుండెను. అనగా, ఎస్టేటులో నివసించు కూలివానికి పంచాయతీ లేదు. భూస్వామియే అతనికి పంచాయతీ. 1927 డిసెంబరులో చేసిన ప్రష్యా చట్టము ఈ విధానమునకు ముగింపు పలికినది.

ఎన్నికలున్నను ఎంపిక లేని కాలము

1933లో నాజీలు అధికారమునకు వచ్చి స్థానిక సభలను నిర్జీవము చేసిరి. 1935 చట్టము ననుసరించి గ్రామాధ్యక్షులు పైనుండి నియమింపబడిరి. 1945లో యుద్ధము ముగిసిన పిమ్మట ద్వీపము సోవియట్ సైన్యముల అధీనమైనది. 100 హెక్టార్లకు మించిన ఎస్టేటులను స్వాధీనము చేసికొని భూమి లేనివారికిని, శరణార్థులకును పంచిపెట్టిరి. కాని భూమి చేతికి వచ్చిన రైతు దానిని ఎంతో కాలము స్వంతముగా దున్నలేదు. 1952లో మొదలైన సమష్టి వ్యవసాయము 1960 నాటికి దాదాపు అందరు రైతులను ఒత్తిడితో సంఘములలో చేర్చినది. 1953లో తీరప్రాంతపు హోటలు యజమానులు అనేకుల ఆస్తులను ప్రభుత్వము లాగికొనినది.

ఆ 1952లోనే తూర్పు జర్మనీ ప్రభుత్వము రాష్ట్రములను తీసివేసి, జిల్లాలను చిన్నవిగా చీల్చినది. ర్యూగెన్ సైతము బెర్గెన్, పుట్బుస్ అను రెండు జిల్లాలుగా విడిపోయి, కొలది సంవత్సరములలోనే తిరిగి ఒక్కటైనది. జిల్లా చిన్నదైన మాత్రమున ప్రజలకు అధికారము దక్కదని ఈ అనుభవము తెలుపుచున్నది. ఓటరు ముందు ఒకే జాబితా ఉండెడిది. 1989 మే నెలలో జరిగిన స్థానిక ఎన్నికలలో ఆ జాబితాకు నూటికి 98 మందికి పైగా అనుకూలముగా ఓటు వేసిరని ప్రకటించిరి. ఓట్ల లెక్కింపును స్వయముగా పరిశీలించిన పౌరులు పలుచోట్ల ఆ అంకెలు కల్పితములని నిరూపించిరి. ఆ ఏడే ప్రజాందోళన చెలరేగి ప్రభుత్వము కూలినది. 1990 మే 6వ తేదీన స్థానిక సభలకు స్వేచ్ఛగా ఎన్నికలు జరిగినవి. అక్టోబరు 3న రెండు జర్మనీలు ఏకమైనవి. ర్యూగెన్ జిల్లా మెక్లెన్‌బుర్గ్-ఫోర్‌పోమెర్న్ రాష్ట్రములో చేరినది.

మూడు మెట్ల పాలన

1949 నాటి జర్మను రాజ్యాంగములో 28వ అధికరణము గ్రామమునకును జిల్లాకును ప్రజలెన్నుకొనిన సభ ఉండితీరవలెనని శాసించుచున్నది. స్థానిక వ్యవహారములను తమ బాధ్యతపై నడుపుకొను హక్కును గ్రామములకు ఇచ్చుచున్నది. జిల్లాలకును స్వపరిపాలన హక్కును గుర్తించుచున్నది.

మొదటి మెట్టు గెమైండె, అనగా గ్రామము. ర్యూగెన్‌లో ఇట్టివి సుమారు నలుబది ఉండెను. చిన్న గ్రామముల అధ్యక్షుడు జీతగాడు కాడు. తన వృత్తి తాను చేసికొనుచు కొద్దిపాటి భత్యముతో సేవ చేయును. 16 ఏండ్లు నిండినవారు స్థానిక ఎన్నికలలో ఓటు వేయుదురు.

రెండవ మెట్టు ఆమ్ట్. ఇది కొన్ని చిన్న గ్రామములు కలిసి పెట్టుకొనిన ఉమ్మడి కార్యాలయము. పన్నుల లెక్కలు, రికార్డులు, ఉత్తరప్రత్యుత్తరములు ఇచ్చటి ఉద్యోగులు చూతురు. నిర్ణయము మాత్రము గ్రామసభ్యులదే. ఉత్తర ర్యూగెన్ గ్రామములకు జాగార్డ్‌లోను, పశ్చిమ గ్రామములకు జామ్‌టెన్స్‌లోను ఇట్టి కార్యాలయములు కలవు. ఒక్కొక్క చిన్న గ్రామము ఒక గుమాస్తాను భరింపలేకపోవచ్చును. పది గ్రామములు కలిసినచో భరింపగలవు.

మూడవ మెట్టు లాండ్‌క్రైస్, అనగా గ్రామీణ జిల్లా. జిల్లా రోడ్లు, వృత్తి విద్యాలయములు, చెత్త తొలగింపు, సాంఘిక సంక్షేమము, బాలల రక్షణ, ప్రమాద సమయములందు సహాయము దీని విధులు. వాహనముల రిజిస్ట్రేషను, భవన నిర్మాణపు అనుమతులు మొదలగు రాష్ట్రప్రభుత్వపు పనులను సైతము ఇదియే నిర్వహించును. ప్రజలు ఐదేండ్లకొకసారి జిల్లా సభను ఎన్నుకొందురు. లాండ్‌రాట్‌ను నేడు ప్రజలే నేరుగా ఎన్నుకొందురు. రాష్ట్రమిచ్చు నిధులతోపాటు జిల్లా తన గ్రామములనుండి ఏటేట ఒక వంతు వసూలుచేయును. ఆ వంతు హెచ్చినకొలది గ్రామములకు మిగులు సొమ్ము తగ్గును. అందుచేత జిల్లా బడ్జెటు సమావేశమున ఆ వంతు ఎంత అనునదే వాడిగా వాదింపబడును.

జిల్లా ఎట్లు కలిసిపోయినది

1990లో 19 లక్షలుగా ఉన్న రాష్ట్ర జనసంఖ్య ఇరువది ఏండ్లలో 16 లక్షల చిల్లరకు తగ్గినది. పనికై యువకులు పశ్చిమమునకు తరలిపోయిరి. తూర్పు రాష్ట్రములకు వచ్చుచున్న ప్రత్యేక నిధులు 2019తో ముగియనుండెను. తక్కువ జనమునకు ఇన్ని జిల్లా కార్యాలయములు ఎందులకను ప్రశ్న సహజముగా బయలుదేరినది. 2006లో రాష్ట్ర శాసనసభ 12 గ్రామీణ జిల్లాలను, 6 స్వతంత్ర నగరములను కలిపి 5 పెద్ద జిల్లాలు చేయుచు చట్టము చేసినది.

2007 జూలై 26న గ్రైఫ్స్‌వాల్డ్‌లోని రాష్ట్ర రాజ్యాంగ న్యాయస్థానము ఆ చట్టము చెల్లదని తీర్పు చెప్పినది. తీర్పు సారాంశమిది: జిల్లా అనునది కేవలము కార్యాలయము కాదు, అది స్వపరిపాలన సంస్థ. దానిని నడుపువారు స్వంత వృత్తి కలిగి, తీరిక వేళ సేవచేయు సభ్యులు. జిల్లాలోని పరిస్థితులను వారు స్వయముగా ఎరిగియుండవలెను, సభలకు వచ్చిపోగలగవలెను. శాసనసభ పొదుపును చూచినది గాని ఈ విషయమునకు తగిన విలువ నీయలేదు. ఇంతకన్న చిన్న మార్పులతో పని సాగునేమో చాలినంతగా పరిశీలింపలేదు.

పొదుపు అనవసరమని న్యాయస్థానము చెప్పలేదు. శాసనసభ తిరిగి ఆలోచించి 2010లో వేరొక చట్టము చేసినది: 6 జిల్లాలు, 2 స్వతంత్ర నగరములు. దానిని సవాలు చేయగా, 2011 ఆగస్టులో న్యాయస్థానము సమర్థించినది. 2011 సెప్టెంబరు 4న ర్యూగెన్ జిల్లా, ఉత్తర ఫోర్‌పోమెర్న్ జిల్లా, ష్ట్రాల్‌జుండ్ నగరము ఏకమై సుమారు 3,200 చదరపు కిలోమీటర్ల క్రొత్త జిల్లా ఏర్పడినది. అదే దినమున ప్రజలు క్రొత్త జిల్లా సభను ఎన్నుకొని, జిల్లా పేరును సైతము ఓటుతో నిర్ణయించిరి. పేరు ఫోర్‌పోమెర్న్-ర్యూగెన్. ద్వీపము తన జిల్లాను పోగొట్టుకొన్నను తన పేరును నిలుపుకొన్నది.

కేంద్రము ష్ట్రాల్‌జుండ్‌కు పోయినది. సభలో 69 స్థానములు. ద్వీపవాసులు ఇప్పుడు అందులో ఒక భాగము మాత్రమే. బెర్గెన్‌లో జిల్లా శాఖా కార్యాలయమును ఉంచిరి. 2012 నవంబరులో వాహనముల నియమములు సడలగా, పాత జిల్లా అక్షరములు గల నంబరు పలకలు మరల వాడుకలోనికి వచ్చినవి. అభిమానము తీరినది; కాని బడ్జెటుపై తుదిమాట చెప్పు సభ జలసంధికి ఆవలనే ఉన్నది.

మనకు దీనివలన తెలియునది

మన రెండు తెలుగు రాష్ట్రములలో మార్పు ఎదురు దిశలో సాగినది. 2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినవి. 2022 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినవి. తెలంగాణలో 2019 జిల్లా పరిషత్తు ఎన్నికలు క్రొత్త జిల్లాల ననుసరించి జరిగినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్తులు మాత్రము, 2022లో కలెక్టరు కార్యాలయములు దగ్గరకు వచ్చిన పిమ్మటను, పూర్వపు 13 జిల్లాల పరిధిలోనే కొనసాగినవి. కార్యాలయము దగ్గరగుట వేరు, మన సభ దగ్గరగుట వేరు. మొదటిది అర్జీ పెట్టుకొనువానికి మేలు. రెండవది నిర్ణయము చేయువానికి మేలు.

చిన్న జిల్లాయే మంచిదనియు, పెద్ద జిల్లాయే మంచిదనియు ర్యూగెన్ చరిత్ర చెప్పుట లేదు. చిన్న జిల్లాలున్న 1952లో ప్రజలకు అధికారము లేదు; పెద్ద జిల్లా ఏర్పడిన 2011లో ఓటుండెను. సభ్యుడు రాగలడా, లెక్క అడుగగలడా, అడిగినదానికి సమాధానము వచ్చునా అను మూడు ప్రశ్నలే ఏ సరిహద్దుకైనను అసలైన కొలత.

సభ్యులు చర్చించుకొనుటకు కొన్ని ప్రశ్నలు

1. మన మండల, జిల్లా సమావేశములకు పోయివచ్చుటకు సభ్యులకు ఎంత కాలము, ఎంత ఖర్చు అగుచున్నది? స్త్రీలును, కూలిపని చేయు సభ్యులును ఎన్నిసార్లు రాగలుగుచున్నారు?

2. చుట్టుప్రక్కల గ్రామములు కలిసి ఒక ఉమ్మడి లెక్కల ఉద్యోగిని గాని, ఒక చెత్త బండిని గాని ఏర్పాటు చేసికొనినచో ఏ పంచాయతీ అధికారమునకును భంగము రాకుండ ఎట్లు నడుపవచ్చును?

3. మన గ్రామమునుండి పైసంస్థలకు పోవు సొమ్మెంత, తిరిగి వచ్చునదెంత? ఈ లెక్క గ్రామసభలో చదివి వినిపింపబడుచున్నదా?