పొట్టి రన్‌వే, మెత్తటి నేల: చిన్న విమానం దిగేదెలా?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వైపు రైల్లో వెళ్తుంటే, బిల్హాకు ముందు చకర్‌భాటా స్టేషన్ వస్తుంది. ఆ ఊళ్లో రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది. అదే నేటి బిలాసా దేవి కేవట్ విమానాశ్రయం. 2021 మార్చి 1న ఇక్కడ ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. రన్‌వే పొడవు సుమారు 1,500 మీటర్లే అయినా, ఏటీఆర్-72 వంటి టర్బోప్రాప్ విమానాలకు అది సరిపోతుంది.

నాలుగు సీట్ల సెస్నా-172ఎస్‌కు ఇందులో మూడో వంతు కూడా అక్కర్లేదు. సముద్రమట్టం వద్ద, గాలి లేనప్పుడు, 15 మీటర్ల ఎత్తు నుంచి దిగి పూర్తిగా ఆగడానికి దానికి సుమారు 407 మీటర్లు చాలు. అందులో నేల మీద పరుగు 175 మీటర్లే. అయితే పైలట్ సరైన పద్ధతి పాటిస్తేనే ఈ లెక్క నిలుస్తుంది.

రన్‌వే పొట్టిదైతే

ఇక్కడ అసలు సమస్య వేగం. గతిశక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం 10 శాతం పెరిగితే, బ్రేకులు హరించాల్సిన శక్తి 21 శాతం పెరుగుతుంది. అందుకే పైలట్ ఫ్లాప్స్ పూర్తిగా దించి, స్టాల్ వేగానికి దాదాపు 1.3 రెట్ల వేగంతో వస్తాడు. ఫ్లాప్స్ తక్కువ వేగంలోనూ లిఫ్ట్ ఇస్తాయి, గాలి నిరోధాన్నీ పెంచుతాయి.

ఎత్తు కూడా ముఖ్యమే. 3 డిగ్రీల వాలులో దిగేటప్పుడు 10 మీటర్ల ఎత్తు ఎక్కువైతే, చక్రాలు దాదాపు 190 మీటర్లు ముందుకెళ్లి నేలను తాకుతాయి. ఎదురుగాలి మాత్రం మేలు చేస్తుంది. 60 నాట్ల వేగంతో వచ్చే విమానానికి 10 నాట్ల ఎదురుగాలి ఉంటే, నేలతో పోల్చిన గతిశక్తి సుమారు 30 శాతం తగ్గుతుంది.

నేలను తాకగానే ముందు చక్రాన్ని దించి గట్టిగా బ్రేకులు వేస్తారు. రెక్కల లిఫ్ట్ తగ్గి, బరువు చక్రాల మీద పడితేనే బ్రేకులు పట్టుకుంటాయి.

నేల మెత్తనిదైతే

వానకు నానిన పచ్చిక నేల మీద ఇదే పని ప్రమాదం తెస్తుంది. బ్రేకు వేస్తే బరువు ముందుకు వాలి ముందు చక్రం కూరుకుపోవచ్చు. విమానం ముక్కు మీద తిరగబడవచ్చు కూడా. కాబట్టి కొద్దిగా ఇంజిన్ శక్తి ఉంచి, వెనుక ప్రధాన చక్రాలను మెల్లగా ఆనిస్తారు. కంట్రోల్‌ను వెనక్కి లాగి ఉంచి, ముందు చక్రాన్ని వీలైనంతసేపు పైనే ఉంచుతారు. బరువులో కొంత భాగాన్ని రెక్కలే మోస్తాయి. బురదలో ఆగిపోతే మళ్లీ కదలడం కష్టం కనుక, గట్టి నేల చేరేదాకా నెమ్మదిగా నడుపుతూనే ఉంటారు.

అంటే ఒకచోట బరువును త్వరగా చక్రాలకు అప్పగించాలి, మరోచోట వీలైనంతసేపు రెక్కల మీదే ఉంచాలి. ఏది చేయాలో దిగేముందే తేల్చుకోవాలి. రన్‌వే మీద ఒక గుర్తును కూడా ముందే ఎంచుకోవాలి. ఆ గుర్తు దాటేలోగా చక్రాలు నేలను తాకకపోతే వెంటనే ఇంజిన్‌కు పూర్తి శక్తినిచ్చి పైకి లేచి, ఒక చుట్టు తిరిగి మళ్లీ ప్రయత్నించాలి. బ్రేకులు వేశాక ఆ అవకాశం దాదాపు ఉండదు.